రెక్కల ఎద్దు చచ్చిపోయిందని మా చిన్నవాడు అన్నం మానేశాడు

ప్రశ్న: మాది చీమకుర్తి. మా అమ్మాయి ఆరో తరగతి, అబ్బాయి రెండో తరగతి. వేసవి సెలవులకు కావలి నుంచి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. వాడికి పదేళ్లు. పక్కింటి పాపతో కలిసి నలుగురూ ఒక కథ అల్లుతున్నారు. మా ఊరి నల్లరాతి కింద ఒక రాజ్యం ఉందట, రాతిలో మెరిసే చుక్కలు అక్కడి ఆకాశంలో నక్షత్రాలట. కరిముఖుడనే మాయావి రోజుకొక నక్షత్రాన్ని మింగేస్తుంటే మెరుపురాణి సైన్యం వాడితో పోరాడుతోంది. మా చిన్నవాడు కల్పించింది ధవళుడనే రెక్కల ఒంగోలు ఎద్దు. మొన్న మా మేనల్లుడు యుద్ధంలో ఆ ఎద్దును చంపేశాడు. వీడు రాత్రి అన్నం ముట్టలేదు. నోటుపుస్తకం మా అమ్మాయి చేతిలో ఉంటుంది. "రాసేది నేను, నా మాటే చెల్లాలి" అంటుంది. చిన్నవాడు రాత్రిళ్లు కరిముఖుడు వస్తాడని దుప్పటి ముసుగు తీయడం లేదు. మా వారు ఇవన్నీ పనికిరాని అబద్ధాలు, లెక్కలు చేయించు అంటున్నారు. నాకు మాత్రం ఆ పుస్తకం చదివితే ముచ్చటేసింది. తప్పులు దిద్ది, చివర ఒక నీతి చేర్చి పిల్లల పత్రికకు పంపాలని ఉంది. ఆ ఎద్దును బతికించమని నేను గట్టిగా చెప్పవచ్చా? అసలు ఈ ఆట సాగనివ్వాలా?

సమాధానం: సాగనివ్వండి. ఎద్దును మాత్రం మీరు బతికించకండి.

రెండో మాట కటువుగా వినిపిస్తుందని తెలుసు. పిల్లవాడు పస్తు పడుకుంటే ఏ తల్లికైనా "ముందు ఆ ఎద్దును లేపండి" అనాలనే ఉంటుంది. మీరు అంటే వాళ్లు లేపుతారు కూడా. కానీ ఆ క్షణం నుంచి ఆ రాజ్యంలో అందరికన్నా బలవంతులు కరిముఖుడూ కాదు, మెరుపురాణీ కాదు, మీరు. ఇక ఏ చిక్కు వచ్చినా వాళ్లు కథలో దారి వెతుక్కోరు, మీ దగ్గరికి ఫిర్యాదు మోసుకొస్తారు. మీ మేనల్లుడికైతే ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. ఇది వాళ్ల ఇల్లు, అత్త వాళ్ల అమ్మ, నేను చుట్టపుచూపుగా వచ్చినవాణ్ని అని. అమ్మానాన్నలను వదిలి వచ్చిన పదేళ్లవాడికి ఆ మాట ఎవరూ పైకి అనక్కర్లేదు. మీ ఉత్తరం చదివినప్పుడు చిన్నవాడి ఏడుపు కన్నా ఈ పిల్లవాడి గురించే నాకు ఎక్కువ బెంగ కలిగింది.

నిజానికి వాడు చెడ్డ పని చేయలేదు. ఎవరికీ ఏమీ కాని యుద్ధం యుద్ధంలా ఉండదని వాడికి తోచింది. పదేళ్లకే కథ గురించి ఆ సంగతి పట్టుకున్నాడంటే మెచ్చుకోవాలి. వాడు మరచిపోయింది ఒక్కటే, ఆ ఎద్దు వాడిది కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు పిలిచి ఈ రెండు ముక్కలూ చెప్పండి. "యుద్ధంలో ఎవరో ఒకరు పోవాలన్నావు చూడు, అది నిజమే. మరి పోయేది ఎవరో ఎవరిని అడగాలి?" అని వదిలేయండి. జవాబు మీకు చెప్పనక్కర్లేదు. వాడు వెళ్లి ఎక్కడ చెప్పాలో అక్కడ చెబుతాడు.

చిన్నవాడితో "అది ఉత్త కథ, ఊరుకోరా" అనవద్దు. అది కథేనని వాడికి మీకన్నా బాగా తెలుసు, కల్పించింది వాడే. వాడు పోగొట్టుకున్నది తన చేత్తో చేసుకున్న వస్తువును. దగ్గర కూర్చోబెట్టుకుని ధవళుడు ఎలా ఉండేవాడో చెప్పమనండి. మూపురం ఎంత ఎత్తు, గంగడోలు నేలకు తగిలేదా, రెక్కలు మూపురానికి ముందు మొలిచాయా వెనకా, ఎగిరేటప్పుడు మెడలో గంటలు మోగితే శత్రువుకు వినపడదా? రెండో తరగతి పిల్లవాడు ఇలాంటి ప్రశ్నలకు ఎంత శ్రద్ధగా జవాబు చెబుతాడో చూస్తారు. వాడు చెబుతుంటే మీరు రాసిపెట్టండి. అది వాడి సొంత కాగితం, అక్క పుస్తకంలోకి ఎక్కాలా వద్దా అనేది వాడి ఇష్టం.

ఇంగ్లండులో దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఇలాంటి నలుగురు పిల్లలే ఒక ఇంట్లో ఉండేవారు. 1826 జూన్‌లో హావర్త్ అనే ఊరి మతగురువు పాట్రిక్ బ్రాంటీ తన కొడుకు కోసం పన్నెండు చెక్క సిపాయి బొమ్మలు తెచ్చాడు. పదేళ్ల షార్లెట్, తొమ్మిదో ఏడు నిండబోతున్న బ్రాన్‌వెల్, ఏడేళ్ల ఎమిలీ, ఆరేళ్ల ఆన్ తలొక బొమ్మ తీసుకుని పేర్లు పెట్టారు. ఆ బొమ్మల కోసం ఆఫ్రికా తీరాన ఒక గాజు పట్నం కట్టారు, రాజులను నిలిపారు, యుద్ధాలు చేయించారు. బొమ్మల చేతికి సరిపోవాలని అగ్గిపెట్టె అంత పుస్తకాలు కుట్టి, పెద్దవాళ్లు చదవలేనంత సన్నటి అక్షరాలతో నింపారు. యుద్ధాలన్నాక వాళ్ల పాత్రలూ చచ్చిపోయేవి. దానికి ఆ పిల్లలు ఒక ఉపాయం కనిపెట్టారు. తామే నలుగురు మహాభూతాలమని కథలో రాసుకున్నారు. చచ్చిపోయినవాళ్లను తిరిగి లేపే శక్తి ఆ భూతాలకు ఉంటుంది. పెద్దవాళ్లు వచ్చి తీర్పు చెప్పలేదు, చావుకు సంబంధించిన చట్టం కథలోనే పుట్టింది. కొన్నేళ్లకు ఎమిలీ, ఆన్ ఆ లోకం నుంచి విడిపోయి గోండాల్ అనే తమ సొంత ద్వీపం కల్పించుకున్నారు. అక్కచెల్లెళ్లు ముగ్గురూ పెద్దయ్యాక నవలా రచయిత్రులుగా ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు. మీ పిల్లలు కూడా రచయితలవుతారని ఆశపడమనడానికి ఇదంతా చెప్పలేదు. చచ్చిన పాత్ర గురించి దెబ్బలాట రావడం ఈ ఆటలో మామూలని, దాన్ని పిల్లలే తేల్చుకోగలరని చెప్పడానికే.

కాబట్టి మధ్యాహ్నం అన్నాల దగ్గర నలుగురూ ఉన్నప్పుడు ఒక్క ప్రశ్న వేయండి. "మీ రాజ్యంలో చచ్చిపోయినవాళ్లు ఎక్కడికి వెళతారు?" ఎద్దు పేరు ఎత్తవద్దు. నల్లరాతి లోపలే ఉండిపోతారని ఒకరు, కొత్త నక్షత్రమవుతారని ఒకరు అంటారు, ఇంకొకరు దానికి అడ్డు చెబుతారు. పప్పన్నం చల్లారిపోయినా సరే, మాట్లాడుకోనివ్వండి. ధవళుడు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. రాకపోయినా, చచ్చిపోయాక ఎక్కడున్నాడో తెలిస్తే చిన్నవాడు ఓర్చుకోగలడు. వాళ్లకు తోచకపోతే రెండు రోజులు ఆగి మళ్లీ అడగండి. మీకు తోచిన జవాబు ఎంత అందంగా ఉన్నా బయటపెట్టకండి.

ఇక మీ అమ్మాయి సంగతి. రాసే ఓపిక ఉన్నది ఆ పిల్లకే కాబట్టి పుస్తకం దగ్గర ఉండటం న్యాయమే. కానీ కలం చేతిలో ఉన్నంత మాత్రాన కథంతా తనది కాదు. ఈ విషయం పెద్దలెవరో తిట్టి చెప్పేదానికన్నా మన నేల మీదే జరిగిన ఒక ముచ్చట చెబితే ఆరో తరగతి పిల్లకు బాగా ఎక్కుతుంది. తెలుగులో భారతం రాసింది ముగ్గురు. 11వ శతాబ్దంలో నన్నయ రాజమహేంద్రవరంలో మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరి వరకూ పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. 14వ శతాబ్దంలో ఎర్రన దాన్ని పూరించాడు. మీకు పొరుగునే ఉన్న అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఆయన.

ఎర్రన అక్కడ చేసిన పని చూడండి. నన్నయ చివరి పద్యం శరత్కాలపు రాత్రుల వర్ణన. ఎర్రన మొదటి పద్యం శరత్కాలపు ఉదయాల వర్ణన. ముందు కవి రాత్రి దగ్గర ఆగితే తాను తెల్లవారడంతో ఎత్తుకున్నాడు. నన్నయ రాసిన అక్షరం ఒక్కటి కొట్టేయలేదు. పైగా నన్నయే రాసినట్టుగా, నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే ఆ భాగాన్ని అంకితం ఇచ్చాడు. ఇంకొకరు ఆపిన చోట నుంచి, వాళ్లు రాసింది చెరపకుండా ముందుకు వెళ్లడమనే విద్యకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. రాత్రి ఆగితే ఉదయంతో మొదలైందన్న ముక్క పిల్లలకు చెప్పి ఊరుకోండి. వాళ్ల కథకు దాన్ని ముడిపెట్టే పని వాళ్లే చేస్తారు.

దీనికి తోడు ఇంట్లో ఒక పలక ఉంటే తీయండి. ప్లాస్టిక్‌ది కాదు, మార్కాపురం రాతి పలక. ఎవరికి ఏ ఊహ వచ్చినా ముందు పలక మీదకి. పలక మీద ఉన్నంతసేపు దాన్ని మార్చవచ్చు, చెరపవచ్చు, పోట్లాడవచ్చు. నలుగురూ సరేనన్నాకే మీ అమ్మాయి పుస్తకంలోకి ఎక్కిస్తుంది. పుస్తకంలోకి ఎక్కింది ఎవరూ కొట్టేయకూడదు, ఆమె కూడా. అక్షరాలు పూర్తిగా రాని చిన్నవాడు పలక మీద బొమ్మ గీసినా చెల్లుతుంది. మీ ఉత్తరంలో పక్కింటి పాప గురించి ఒక్క మాటే ఉంది. పలక వచ్చాక ఆ పాప ఏం చెబుతుందో కొంచెం గమనించండి. నలుగురిలో నోరెత్తని ఒకరుంటారు. తరచుగా కథకు కావలసిన మలుపు వాళ్ల దగ్గరే ఉంటుంది, అడిగేవాళ్లు ఉండరు.

మీరు పలకను ఇచ్చేటప్పుడు ఇది నియమమని ప్రకటించకండి. "ఇలా చేసి చూస్తారా?" అనండి. వద్దంటే మానేయండి.

ఇప్పుడు రాత్రి భయం. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మన పాత కథల్లో మాంత్రికుడు ఎంత భయంకరుడైనా వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలకలో ఉంటుంది. ఆ రహస్యం తెలిశాక వినే పిల్లకు మాంత్రికుడు సగం చిన్నవాడైపోతాడు. కరిముఖుడికి అలాంటి చిలక ఇంకా ఉన్నట్టు లేదు. ఉంటే అది పెద్దపిల్లలిద్దరి గుప్పిట్లోనే ఉండి ఉంటుంది. మీరు చిన్నవాడిని పక్కన పడుకోబెట్టుకుని చెవిలో అడగండి. "వాడి ప్రాణం ఎక్కడ దాచుకున్నాడో నీకేమైనా తెలుసా?" వాడు ఆలోచించి చెబుతాడు. చీటీ మీద రాసి వాడి చేతికే ఇవ్వండి, ఎవరికీ చూపించనక్కర్లేదని చెప్పండి. నలుగురిలో అందరికన్నా చిన్నవాడి దగ్గర అందరికన్నా పెద్ద రహస్యం ఉంటుంది. ఆ బలంతో వాడు ముసుగు తీయడమే కాదు, మర్నాడు కథలో కూడా వాడి మాటకు విలువ వస్తుంది.

దానితోపాటు మీరు పెట్టవలసిన నియమం ఒకటుంది, ఇది మాత్రం తల్లిగా మీ చేతిలోదే. దీపాలు పెట్టాక కథ మూసేయాలి. చీకట్లో కొత్త రాక్షసులు పుట్టకూడదు. పెద్దపిల్లలు వాడిని కావాలని భయపెడుతున్నారని తెలిస్తే అది కథ కాదు, అప్పుడు తప్పక కలగజేసుకోండి. ఇవన్నీ చేసినా భయం వారాల తరబడి తగ్గకపోయినా, పగలు కూడా ఒంటరిగా గదిలోకి వెళ్లకపోయినా, పక్క తడుపుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి.

మీ వారి మాటకు వస్తాను. అబద్ధమాడేవాడు ఎదుటివాడు నమ్మాలని ఆడతాడు. ఇక్కడ నలుగురికీ ఇది నిజం కాదని తెలుసు, తెలిసే దాని చట్టాలకు కట్టుబడి ఉంటున్నారు. రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లో పిల్లల ఆట మీద ఇచ్చిన ఉపన్యాసంలో ఈ సంగతే చెప్పాడు. ఊహతో ఆడే ఏ ఆటలోనైనా నియమాలు దాగి ఉంటాయని, ఆటలో పిల్లవాడు తనకన్నా ఒక తల ఎత్తు పెరుగుతాడని. మీ ఇంట్లో చూడండి. ఆరో తరగతి పిల్ల ఎవరూ అడగకుండా పేజీలకు పేజీలు రాస్తోంది. పదేళ్లవాడు ఒక సంఘటన తర్వాత ఏది జరిగితే నమ్మేలా ఉంటుందో వాదిస్తున్నాడు. రెండో తరగతి వాడు నలుగురు చెప్పిన కథంతా తలలో పెట్టుకుని ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకుంటున్నాడు. బడిలో వీటిలో ఒక్కటి నేర్పడానికి ఎంత శ్రమ పడాలో టీచర్లను అడగమనండి.

అయినా ఆయన కోరిక అన్యాయమేమీ కాదు. లెక్కలు ఉదయం ఎండెక్కకముందు ఒక గంట చేయించండి, తర్వాత పుస్తకం తెరవనివ్వండి. రోజుకు ఎన్ని నక్షత్రాలు మింగితే ఎన్ని మిగిలాయి అంటూ కథలోకి లెక్కలు దూర్చకండి. పిల్లలు ఆ మోసం వెంటనే పసిగడతారు, ఆ రోజుతో కథ మీద ఇష్టం పోతుంది. వీలైతే ఒక సాయంత్రం మీ వారిని ఒక అధ్యాయం వినమనండి. చదివేది చిన్నవాడై ఉండాలి.

కథలో వేలు పెట్టకుండా మీరిద్దరూ చేయగల సాయం చాలా ఉంది. పప్పూ ఉప్పూ అందించి వంట వాళ్లకే వదిలేయడమన్నమాట. మీ చీమకుర్తి రాయినే తీసుకోండి. వ్యాపారంలో దాని పేరే గెలాక్సీ గ్రానైట్, మీ పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆ నక్షత్రాలను చూశారు. భూమి లోతుల్లో కరిగిన శిల చాలా నెమ్మదిగా చల్లారి గడ్డకడితే అలాంటి రాయి ఏర్పడుతుంది. ఆ బంగారు చుక్కలు అందులోని ఒక ఖనిజపు స్ఫటికాల మెరుపు. ఈ సంగతి తెలిస్తే రాజ్యం అడుగున ఒక అగ్నిసముద్రం పుట్టినా పుట్టవచ్చు. ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి, అక్కడ ఆ సంతతిని మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అంటారు. ధవళుడి చుట్టాలు సముద్రాల అవతల ఉన్నారన్నమాట, ఇది చిన్నవాడి చెవిన వేయండి. మీ మేనల్లుడికి ఉదయగిరి కోట గురించి చెప్పండి. అంతటి శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కొండకోటను 1514లో గెలిచింది కూడా దీర్ఘకాలం ముట్టడించాకే. కోట లోపల తిండి ఎన్నాళ్లు వస్తుంది, నీళ్లు ఎక్కడివి, కొండదారికి కాపలా ఎవరు అని ఆలోచించడం మొదలుపెడితే, ఒక పేజీలో నలుగురిని చంపేసే యుద్ధాలు వాడికే చప్పగా అనిపిస్తాయి.

ఒక్క హెచ్చరిక, ఇది గట్టిగానే చెబుతున్నాను. రాతి కింద రాజ్యం అనుకున్న పిల్లలు ఏదో ఒక రోజు దాని ద్వారం వెతుక్కుంటూ బయలుదేరతారు. మీ ఊళ్లో ఆ వెతుకులాట క్వారీ దగ్గర తేలుతుంది. పని ఆగిపోయి నీళ్లు నిండిన గుంటలు పైకి చెరువుల్లా కనిపిస్తాయి కానీ అంచు దిగగానే నిలువు లోతు. పేలుళ్లు జరిగే చోట్ల రాళ్లు ఎగిరిపడతాయి. పెద్దవాళ్లు లేకుండా అటు వెళ్లకూడదని నలుగురికీ ఇవాళే చెప్పండి, కారణాలతో సహా చెప్పండి. ఊహకు గుహలు కావాలంటే ఒక ఆదివారం కనిగిరి మీదుగా భైరవకోనకు తీసుకెళ్లండి. కొండరాతిని తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు ఉన్నాయి అక్కడ, పక్కనే జలపాతం. తిరిగి వచ్చాక ఏం రాశారని అడగవద్దు.

మిగిలింది పత్రికకు పంపడం. తప్పులు దిద్దడం గురించి నా అభిప్రాయం చెబుతాను. ఆ పుస్తకంలో మీ కలం పడకూడదు. ఒత్తులు, దీర్ఘాలు బడి తెరిచాక దిద్దుకుంటారు. ఎవరైనా వచ్చి "అమ్మా, ఇది ఎలా రాయాలి?" అంటే చెప్పండి, అంతే. నీతి అసలే వద్దు. అది మీది అవుతుంది, వాళ్లది కాదు. అచ్చు వేయించడమంటారా, ఈ వేసవికి ఆగండి. బయటివాళ్లు చదువుతారని తెలిసిన రోజు నుంచి మీ అమ్మాయి పక్కవాళ్ల మాట వినడం మాని ఆ బయటివాళ్లకు నచ్చేలా రాస్తుంది. కథ పూర్తయ్యాక కూడా పంపాలనిపిస్తే ముందు నలుగురినీ అడగండి, ఒక్కరు వద్దన్నా మానేయండి. పంపితే నలుగురి పేర్లూ ఉండాలి, పక్కింటి పాప పేరుతో సహా.

సెలవులు అయిపోయి మీ మేనల్లుడు కావలి వెళ్లే నాటికి కథ పూర్తవకపోవచ్చు. వారం ముందే ఇంకో నోటుపుస్తకం కొని అప్పటివరకు జరిగిన కథకు నకలు రాయించండి. నలుగురూ తలా కొన్ని పేజీలు రాస్తే మీ అమ్మాయి చేతికీ నొప్పి ఉండదు. ఆ నకలు వాడి సంచిలో పెట్టండి. తర్వాతి అధ్యాయం వాడు కావలిలో రాసి పోస్టులో పంపుతాడు, ఇక్కడివాళ్లు దాన్ని ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి అందుకుంటారు. ఫోనులో చెప్పుకుంటాంలే అంటే ఒప్పుకోకండి, రాసే పంపమనండి. పోస్టు కవర్లు నాలుగు కొని, చిరునామా రాసి ఇవ్వడం మీ పని.